అణువుల ఆకారం పట్టుబడాలంటే: నమూనానా, కాగితమా, కంప్యూటర్ తెరా?

కర్బన రసాయన శాస్త్రంలో విద్యార్థులు మొదట తడబడేది చర్యల దగ్గర కాదు, ఆకారాల దగ్గర. పుస్తకంలో పుట చదునుగా ఉంటుంది, అణువు అలా ఉండదు. మీథేన్‌లో కార్బన్ చుట్టూ ఉన్న నాలుగు బంధాల్లో ఏ రెంటి మధ్య చూసినా కోణం 109.5 డిగ్రీలే. ఈ ఆకారం మనసుకెక్కడానికి మూడు దారులున్నాయి: చేత్తో పట్టుకునే బంతులు-పుల్లల నమూనా, కాగితం మీద గీసుకునే బొమ్మ, కంప్యూటర్ తెర. ముందు ఏది అని అడిగితే నేను నమూనా అనే అంటాను. ఇంటర్‌లోనో డిగ్రీ మొదటి ఏడాదిలోనో ఒక్క నమూనా కూడా ముట్టుకోనివ్వకుండా నేరుగా అణువును అడ్డగీతలు, నిలువుగీతలుగా చూపే ఫిషర్ బొమ్మల్లోకి దించడం పిల్లలకు అన్యాయం చేయడమే.

నమూనాలంటే చిన్నపిల్లల ఆటవస్తువులని తీసిపారేసేవారు కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి. 1865లో రసాయన శాస్త్రవేత్త హాఫ్‌మన్ లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉపన్యసిస్తూ క్రోకే ఆట బంతులకు కడ్డీలు గుచ్చి అణువులను చూపించారు. కార్బన్‌కు నలుపు, ఆక్సిజన్‌కు ఎరుపు, హైడ్రోజన్‌కు తెలుపు అన్న రంగులు అప్పటి నుంచి వస్తున్నవే. అయితే ఆయన మీథేన్ చదునుగానే ఉండేది! 1874లో వాంట్ హాఫ్, లె బెల్ అనే రసాయన శాస్త్రవేత్తలు ఎవరికి వారుగా కార్బన్ బంధాలు చతుర్ముఖి (నాలుగు త్రికోణ ముఖాల ఘనరూపం) మూలల వైపు చూస్తాయని ప్రతిపాదించాకే లెక్క సరిపడింది. వాంట్ హాఫ్ అట్టముక్కలతో చతుర్ముఖులు చేసి తోటి శాస్త్రవేత్తలకు పంపారు కూడా.

లాక్టిక్ ఆమ్లాన్నే తీసుకోండి. పెరుగు పులుపు దానిదే. మధ్య కార్బన్‌కు హైడ్రోజన్, మిథైల్, హైడ్రాక్సిల్, కార్బాక్సిల్ ఉంటాయి. నాలుగు రంగుల బంతులతో ఒక నమూనా చేసి అద్దం ముందు పెట్టండి. అద్దంలో కనిపించినట్టే రెండోది చేయండి. ఇప్పుడు రెంటినీ సరిపెట్టి చూడండి. రెండు రంగులు కలిస్తే మిగిలిన రెండూ తారుమారవుతాయి, ఎంత తిప్పినా అంతే. రెండోదానిలో ఏవైనా రెండు బంతులను పీకి ఒకదాని చోట ఇంకొకటి గుచ్చండి, వెంటనే మొదటిదానితో సరిపోతుంది. తర్వాత హైడ్రోజన్ బంతిని పిడిలా పట్టుకుని, అది మీకు ఆవలి వైపు ఉండేలా తిప్పి, హైడ్రాక్సిల్ నుంచి కార్బాక్సిల్‌కు, అక్కడి నుంచి మిథైల్‌కు చూపు నడపండి. గడియారం ముల్లు తిరిగే వైపైతే ఆ రూపం పేరు ఆర్ (R), ఎదురు వైపైతే ఎస్ (S). బట్టీ పట్టాల్సిన నియమం ఇందులో ఏముంది?

కిట్టు కొనే స్తోమత లేకపోయినా ఫర్వాలేదు. బంకమట్టి ఉండలు, అగ్గిపుల్లలు చాలు. మూడు పుల్లలను ముక్కాలిపీట కాళ్లలా విప్పి, నాలుగోది నిటారుగా గుచ్చితే కోణం దాదాపు కుదురుతుంది.

ఆరు కార్బన్ల వలయమైన సైక్లోహెక్సేన్ దగ్గర నమూనాకు పోటీయే లేదు. కుర్చీలా వంగి ఉండే దాని రూపంలో ఒక కొసను పైకెత్తి, రెండో కొసను కిందికి నొక్కితే నిలువుగా ఉన్న ఆక్సియల్ బంధాలన్నీ ఈక్వటోరియల్‌గా, అంటే వలయం పక్కలకు చాచినట్టుగా, మారడం కళ్లముందే జరుగుతుంది. ఆ వలయం చదునుగా ఉండదని 1890లోనే సాక్సే చెప్పినా పట్టించుకున్నవారు తక్కువ. 1950లో బార్టన్ రాసిన వ్యాసంతో ఆ ఆలోచనకు బలం వచ్చింది. ఈ కృషికే బార్టన్‌కు, ఇదే దారిలో పనిచేసిన హాసెల్‌కు 1969లో నోబెల్ బహుమతి దక్కింది.

అలాగని నమూనా చెప్పేదంతా నిజం కాదు. ఈథేన్ నమూనాలో మధ్య పుల్ల ఎటు తిప్పినా హాయిగా తిరుగుతుంది. అసలు అణువులో హైడ్రోజన్లు ఒకదాని వెనుక ఒకటి దాగే స్థితిని దాటాలంటే మోలుకు దాదాపు 12 కిలోజౌళ్లు కావాలి. ఇథైల్ మిథైల్ అమీన్ నమూనా చేస్తే రెండు ప్రతిబింబ రూపాలూ వేర్వేరుగా బల్ల మీద నిలుస్తాయి. నిజంలో మామూలు ఉష్ణోగ్రత దగ్గర నైట్రోజన్ ఎంత వేగంగా ఒక రూపం నుంచి ఇంకో రూపానికి తిరగబడుతుందంటే, వాటిని విడదీయడం కుదరదు. ప్లాస్టిక్‌కు శక్తి లెక్కలు తెలియవు.

ఆ లోటు తీర్చేది తెర. అవొగాడ్రో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో బ్యూటేన్‌ను కట్టి, మధ్య బంధాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ శక్తి ఎలా మారుతుందో చూడవచ్చు. ప్రోటీన్ల లాంటి పెద్ద అణువులకైతే వేరే దారే లేదు. కానీ తొలి అడుగుకు తెర చాలదు. అణువును యంత్రమే తిప్పి చూపిస్తుంటే విద్యార్థి మనసు తిప్పడం నేర్చుకోదు.

ఇక కాగితం. పరీక్ష హాల్లో మిగిలేది అదే కాబట్టి తప్పించుకోలేం. నిత్యం వాడుకోవడానికి, ముందుకు వచ్చే బంధాన్ని నిండు త్రికోణంగా, వెనక్కి పోయేదాన్ని గీతల త్రికోణంగా చూపే పద్ధతే మేలు. అణువు అసలు రూపానికి అది దగ్గరగా ఉంటుంది. అణువును ఒక బంధం వెంట సూటిగా చూసినట్టు గీసే న్యూమన్ బొమ్మ ఆ ఒక్క బంధం చుట్టూ జరిగే భ్రమణాన్ని చూడటానికి బాగుంటుంది, అంతకు మించి లాగకూడదు.

ఫిషర్ పద్ధతి 1891లో చక్కెరల కోసం పుట్టింది, దాని సత్తా అంతా అక్కడే. గ్లూకోజ్ గొలుసు రూపంలో నాలుగు కిరాల్ కార్బన్లు (నాలుగు వేర్వేరు సమూహాలున్నవి) ఉంటాయి, ఆ నిర్మాణానికి 16 రూపాలు. వాటిని వరసగా పేర్చి పోల్చడానికి ఇంతకంటే పొందికైన బొమ్మ లేదు. కానీ అడ్డగీతలన్నీ మన వైపు, నిలువుగీతలన్నీ ఆవలికి అన్న షరతు మరిచారా, అంతా తలకిందులే. బొమ్మను కాగితం మీదే 180 డిగ్రీలు తిప్పవచ్చు, 90 తిప్పితే అద్దంలోని ప్రతిబింబ రూపమైపోతుంది. మీసో టార్టారిక్ ఆమ్లాన్ని (తన ప్రతిబింబంతో సరిపోయే రూపాన్ని) ఫిషర్‌లో గీస్తే రెండు హైడ్రాక్సిళ్లూ ఒకే పక్కన ఉంటాయి, మధ్యలో అద్దం తలం ఇట్టే కనిపిస్తుంది. అదే అణువును వంకర (జిగ్‌జాగ్) గొలుసుగా గీస్తే ఒక హైడ్రాక్సిల్ ముందుకు, ఇంకొకటి వెనక్కి వస్తుంది. చాలామంది దీన్ని తప్పనుకుని దిద్దేస్తారు. ఫిషర్ బొమ్మలో గొలుసు వెనక్కి వంగి ఉంటుంది, వంకర గొలుసులో సాగి ఉంటుంది. నమూనాలో మధ్య బంధాన్ని సగం చుట్టు తిప్పితే ఒక బొమ్మ ఇంకోటిగా మారడం కనిపిస్తుంది. ఈ ఒక్క అణువును చేత్తో కట్టి, రెండు విధాలా గీసి సరిచూసుకున్నాకే చక్కెరల అధ్యాయం తెరవండి.