వాషింగ్టన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ: ఏ బొమ్మ ముందు ఎంతసేపు నిలబడాలి

వాషింగ్టన్ డీసీకి వెళ్లినవాళ్లు నేషనల్ మాల్ (నగరం నడుమ ఉన్న పొడవాటి పచ్చిక మైదానం) మీదున్న మ్యూజియంలన్నీ తిరిగి కాళ్లు లాగేసి, ఈ పోర్ట్రెయిట్ గ్యాలరీని మాత్రం వదిలేసి వస్తుంటారు. ఇది మాల్ మీద లేదు, గ్యాలరీ ప్లేస్ మెట్రో స్టేషన్ పక్కన ఉంది. టికెట్ లేదు. డిసెంబర్ 25 తప్ప రోజూ ఉదయం 11:30 నుంచి రాత్రి 7 దాకా తెరిచి ఉంటుంది. మాల్ మీది మ్యూజియంలు చాలావరకు 5:30కే మూసేస్తారు. అవి చూసుకుని నాలుగింటికి ఇక్కడికి చేరితే మూడు గంటలు చేతిలో ఉంటాయి. చాలినంత సమయమే.

భవనం పాతకాలపు పేటెంట్ ఆఫీసు, 1836లో కట్టడం మొదలుపెట్టారు. అంతర్యుద్ధ కాలంలో ఇక్కడ గాయపడ్డ సైనికులకు వైద్యం చేశారు. 1865లో లింకన్ రెండోసారి పదవి చేపట్టినప్పుడు విందు, నాట్యం జరిగిందీ ఇక్కడే. ఒకే కప్పు కింద రెండు మ్యూజియంలు ఉన్నాయి. రెండోది స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియం. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నడిచిపోతారు, హద్దు దాటిన సంగతే తెలియదు. అందుకని లోపలికి రాగానే ఫ్లోర్ ప్లాన్ తీసుకోండి.

మొదట రెండో అంతస్తులోని అధ్యక్షుల గ్యాలరీకి వెళ్లండి. ఇక్కడి పెద్ద దిక్కు గిల్బర్ట్ స్టూవర్ట్ 1796లో వేసిన లాన్స్‌డౌన్ చిత్తరువు. 8 అడుగులకు పైగా ఎత్తున్న కాన్వాస్ మీద జార్జ్ వాషింగ్టన్ నిలువెత్తున నిలబడి ఉంటాడు. కుడిచేయి ముందుకు చాచి, ఎడమచేత ఒరలో ఉన్న కత్తి పట్టుకుని. 2001లో 3 కోట్ల డాలర్ల విరాళంతో దీన్ని కొని ఇక్కడే ఉంచారు. అందరూ ఎదురుగా నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. ఎదురుగా నిలబడితే పైనుంచి పడే లైటు వార్నిష్ మీద మెరిసి, నల్లకోటు అంతా ఒకే మచ్చలా కనిపిస్తుంది. రెండడుగులు పక్కకు జరగండి, కోటు మడతలు విడివిడిగా తేలతాయి. తర్వాత దగ్గరికెళ్లి మూతి దగ్గర చూడండి. దవడ ఉబ్బెత్తుగా, పెదాలు బిగబట్టినట్టు ఉంటాయి. అది కట్టుడు పళ్ల ప్రభావం. స్టూవర్ట్ దాన్ని దాచలేదు. బల్ల కింద ఉన్న పుస్తకాలనూ వదిలిపెట్టవద్దు. ఇదే బొమ్మకు వైట్‌హౌస్‌లో ఉన్న నకలులో ఒక పుస్తకం వీపు మీద 'స్టేట్స్' అనే మాటలో ఒక అక్షరం ఎగిరిపోయి 'సేట్స్' అయింది. అసలుకీ నకలుకీ తేడా పట్టడానికి ఇంత తేలికైన గుర్తు మరోటి లేదు. 1814లో బ్రిటిష్ సేన వైట్‌హౌస్ తగలబెట్టబోయే ముందు అప్పటి అధ్యక్షుడి భార్య డాలీ మాడిసన్ బయటికి తరలింపించింది ఆ నకలునే.

అదే ఏడాది స్టూవర్ట్ వేసిన ఇంకో వాషింగ్టన్ బొమ్మ ఉంది, ఎథీనియం చిత్తరువు. తల పూర్తయింది, మిగతా కాన్వాస్ ఖాళీ. దీన్ని అప్పజెప్పకుండా దగ్గరే ఉంచుకుని, చూసి నకళ్లు వేసి ఒక్కోటీ 100 డాలర్లకు అమ్మాడు స్టూవర్ట్. ఒక డాలరు నోటు మీది మొహం దీంట్లోంచే వచ్చింది, అద్దంలో చూసినట్టు తిరగబడి. జేబులో నోటు ఉంటే తీసి పక్కన పెట్టి చూడండి. అయితే ఈ బొమ్మ బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంతో ఉమ్మడి ఆస్తి, వంతులవారీగా అటూ ఇటూ తిరుగుతుంది. దీనికోసమే వెళ్లేవాళ్లు వెబ్‌సైట్‌లో ముందు చూసుకోవాలి.

లింకన్ విషయంలోనూ అదే జాగ్రత్త. 1865 ఫిబ్రవరిలో అలెగ్జాండర్ గార్డ్‌నర్ తీసిన ఫొటో, గాజు నెగెటివ్ పగిలి తల మీదుగా గీత పడిన ఆ ముద్ర, కాగితం మీదిది. వెలుతురు తగిలేకొద్దీ పాడవుతుంది కనుక ఎక్కువకాలం గోడకు ఉంచరు. దొరకకపోతే నిరాశపడకుండా జార్జ్ హీలీ 1887లో వేసిన లింకన్ తైలచిత్రం చూడండి. ముందుకు వంగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఎదుటివాళ్ల మాట వింటున్న మనిషి. వెనక ఏమీ లేదు, ఆ ఖాళీయే బొమ్మకు బలం.

ఒబామాల చిత్తరువులు 2018లో వచ్చాయి. కెహిండే వైలీ వేసిన బరాక్ వెనక ఆకుల మధ్య పూలను గుర్తుపట్టండి: షికాగోకు చామంతులు, హవాయికి మల్లెలు, కెన్యాకు నీలి లిల్లీలు. మిషెల్ చిత్తరువులో చిత్రకారిణి ఎమీ షెరాల్డ్ చర్మాన్ని బూడిదరంగులో వేసింది. అది ఆమె పద్ధతి, రంగు వెలిసిపోవడం కాదు.

ఒక లోటు చెప్పాలి. ఇక్కడి లేబుళ్లు బొమ్మలో ఉన్న మనిషి గురించి బాగా చెబుతాయి, వేసిన తీరు గురించి తక్కువ. గ్యాలరీ ఉద్దేశమే మనుషుల చరిత్ర కాబట్టి తప్పుపట్టలేం, కానీ పెయింటింగ్ కోసం వెళ్లేవాళ్లకు అది చాలదు. ఆ కొరత పక్క మ్యూజియం తీరుస్తుంది.

అక్కడ తప్పనిసరిగా చూడాల్సింది చిత్రకారుడు జార్జ్ క్యాట్లిన్ బొమ్మలు. 1832లో మిస్సోరీ నది మీద ఆవిరి పడవలో ఎగువకు వెళ్లి, ఆదివాసీ తెగల నాయకులను ఎదురుగా కూర్చోబెట్టుకుని వేశాడు. అతని బొమ్మలు మ్యూజియం దగ్గర వందల్లో ఉన్నాయి, గోడ మీద కొన్నే కనిపిస్తాయి. చేతిలో ఉన్న సమయం తక్కువ కాబట్టి మొహం శ్రద్ధగా, బట్టలు చకచకా, పల్చటి రంగుతో ముగించాడు. కళ్ల నుంచి భుజాల దాకా చూపు దించండి, కుంచె వేగం మారిన చోటు తెలిసిపోతుంది.

మూడో అంతస్తులో లూస్ సెంటర్ ఉంది. అద్దాల అరల్లో 3,000కు పైగా కళాఖండాలు, గోదాంనే తెరిచిపెట్టినట్టు. లండర్ సెంటర్‌లో నిపుణులు బొమ్మలు బాగుచేయడం గాజుగోడల అవతలి నుంచి చూడొచ్చు. అది పని దినాల్లోనే కనిపిస్తుంది, ఆదివారం వెళ్తే ఖాళీ బల్లలే.

లండర్ సెంటర్‌కు వెళ్లేముందు చిత్రకారుడు ఆల్బర్ట్ పింకమ్ రైడర్ బొమ్మల దగ్గర పది నిమిషాలు ఆగండి. అడుగు పూత ఆరకముందే పైన ఇంకో పూత వేసేవాడు, రంగులో తారులాంటి బిట్యుమెన్ కలిపేవాడు. బిట్యుమెన్ పూర్తిగా ఆరదు. పై పొర గట్టిపడి, కింద మెత్తగా కదులుతుండటంతో మొసలి చర్మంలా పగుళ్లు వచ్చాయి, నలుపు ఇంకా నల్లబడింది. బొమ్మకు ఓరగా నిలబడి చూస్తే ఆ పగుళ్ల అంచులు పైకి లేచినట్టు కనిపిస్తాయి. ఆ తర్వాత గాజుగోడ దగ్గరికి వెళ్తే లోపల సూదిమొన లాంటి కుంచెతో వంగి కూర్చున్నవాళ్లు దేనితో తంటాలు పడుతున్నారో ఇట్టే అర్థమవుతుంది.