చివరి వరుస నుంచి పాప డాన్సు

స్కూల్ వార్షికోత్సవం అంటే నాకు ఎప్పుడూ చివరి వరుసలోనే సీటు. ఫోన్‌లో జూమ్ చేస్తే పాప ముఖం అలుక్కుపోతుంది. అందుకే సోనీ హ్యాండీక్యామ్ సీఎక్స్405 అనే చిన్న వీడియో కెమెరా తీసుకున్నాను. 2015 నాటి మోడల్. 4కే లేదు, ఫుల్ హెచ్‌డీ మాత్రమే. ఇంటి వీడియోలకు అది చాలు.

30 రెట్ల ఆప్టికల్ జూమ్, అంటే లెన్స్‌తోనే చేసే జూమ్, దీని ప్రాణం. మీట నెమ్మదిగా జరిపితే బొమ్మ నెమ్మదిగా దగ్గరకొస్తుంది. చివరి వరుస నుంచి పాప కాలి గజ్జెలు కూడా స్పష్టంగా పడ్డాయి, చూస్తుంటే కళ్లు చెమర్చాయి. బరువు దాదాపు 200 గ్రాములే, పట్టీ బిగించుకుంటే అరగంటైనా చెయ్యి నొప్పి పుట్టదు. యూఎస్‌బీ వైరు ఆ పట్టీలోనే ఉంటుంది.

లోపల మెమరీ లేదు, మైక్రో ఎస్‌డీ కార్డు వేయాలి. మంచి నాణ్యత ఇచ్చే ఎక్స్‌ఏవీసీ ఎస్ ఫార్మాట్‌కు ఎస్‌డీఎక్స్‌సీ రకం కార్డే, అంటే 32 జీబీ కంటే పెద్దదే, కావాలి. అది తెలియక 16 జీబీ కార్డు కొని, మళ్లీ షాపుకు వెళ్లి 64 జీబీది తెచ్చాను. మీరు ముందే చూసుకోండి.

టచ్ స్క్రీన్ లేదు, విడి మైకు పెట్టే సాకెట్ కూడా లేదు. వెలుగును పట్టే సెన్సర్ చాలా చిన్నది కాబట్టి మసక వెలుతురులో బొమ్మలో గరుకుదనం తప్పదు. రాత్రి పెళ్లిళ్లు తీయాలనుకుంటే ఇది వద్దు.

పోయిన ఆదివారం పొద్దున వరండాలో మా అమ్మ ఆవకాయ కలుపుతుంటే కొలతలతో సహా మొత్తం తీశాను. ఎండ వెలుగులో కారం ఎరుపు ఉన్నదున్నట్టు వచ్చింది.