సైనికుల యాత్ర రోజుల్లో నాన్నతో లూర్దు

మే నెలలో ఫ్రాన్స్‌లోని మరియమాత పుణ్యక్షేత్రం లూర్దు వెళ్లాలనుకునేవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఏటా ఆ నెలలో కొన్ని రోజులు అంతర్జాతీయ సైనిక యాత్ర జరుగుతుంది. 1958లో మొదలైంది, దాదాపు 40 దేశాల నుంచి పది వేలకు పైగా సైనికులు యూనిఫాంలోనే వస్తారు, ఆ రోజుల్లో రూము దొరకడం చాలా కష్టం. మేం మాత్రం కావాలనే ఆ రోజులు పెట్టుకున్నాం. నాన్న ఆర్మీలో హవల్దారుగా రిటైరయ్యారు, మోకాళ్లు అరిగిపోయి గుణదల కొండ ఎక్కలేకపోతున్నానని మూడేళ్లుగా బాధపడుతున్నారు. పైగా అమెరికాలోని కనెటికట్‌లో నేను వెళ్లే గుడి నుంచి, ఇరాక్ యుద్ధంలో కాలు పోగొట్టుకున్న ఒకాయన అదే సమయానికి 'వారియర్స్ టు లూర్దు' బృందంతో వెళ్తున్నారు.

ఆ బృందాన్ని తీసుకెళ్లేది నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే కతోలిక పురుషుల సంఘం, అమెరికా సైన్యానికి సంబంధించిన కతోలిక అగ్రపీఠం (ఆర్చ్‌డయోసిస్) కలిసి. 2013 నుంచి గాయపడ్డ, జబ్బు పడ్డ సైనికుల్ని, మాజీ సైనికుల్ని ఇలా తీసుకెళ్తున్నారు. నేనూ నైట్స్‌లో సభ్యుణ్నే, కానీ బృందంతో కాకుండా సొంతంగా వెళ్లాను కాబట్టి టికెట్లు, హోటలు, తిండి అన్నీ మేమే చూసుకున్నాం.

నైట్స్ గురించి తెలియనివాళ్లకి కొంచెం చెప్పాలి. 1882లో కనెటికట్‌లోని న్యూహేవెన్‌లో, సెయింట్ మేరీస్ గుడిలో ఫాదర్ మైఖేల్ మెక్‌గివ్నీ మొదలుపెట్టిన సంఘం ఇది. ఇంటి పెద్ద చనిపోతే భార్యాబిడ్డలు వీధిన పడకూడదని, సభ్యులు తలా కొంత వేసుకుని ఆదుకునే ఏర్పాటుగా పుట్టింది. సభ్యత్వంలో మెట్లని డిగ్రీలంటారు, దేశభక్తి పేరుతో నాలుగో డిగ్రీ 1900లో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో వీళ్లు సైనికుల కోసం శిబిరాలు పెట్టి, గుమ్మం మీద 'అందరూ రావచ్చు, అన్నీ ఉచితం' అని రాసి, జాతి, మతం అడగకుండా కాఫీ, ఉత్తరాలు రాసుకోవడానికి కాగితాలు ఇచ్చేవాళ్లు. యుద్ధం అయ్యాక తిరిగొచ్చినవాళ్లకి ఉద్యోగాలు వెతికిపెట్టారు, రాత్రి బడులు నడిపారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. జెండా ఊపి పంపించినవాళ్లు, తిరిగొచ్చినప్పుడు కూడా గుమ్మంలో నిలబడ్డారు.

లూర్దుకి బయల్దేరే ముందు ఒక శనివారం న్యూహేవెన్ వెళ్లాను. హిల్‌హౌస్ అవెన్యూలోని సెయింట్ మేరీస్ గుడిలో ఫాదర్ మెక్‌గివ్నీ సమాధి ఉంది. ఆయన 38 ఏళ్లకే, 1890లో చనిపోయారు, 2020లో పోప్ ధన్యుడిగా (పునీతుడికి ముందు మెట్టు) ప్రకటించారు. స్టేట్ స్ట్రీట్‌లో ఆయన పేరు మీదే యాత్రా కేంద్రం ఉంది, ఇదివరకు నైట్స్ మ్యూజియం అనేవాళ్లు, ప్రవేశం ఉచితం. రెండూ చూడ్డానికి సగం రోజు చాలు. న్యూయార్క్, బోస్టన్ వైపు ఉన్న తెలుగు కతోలికులు పిల్లల్ని తీసుకుని వెళ్లొచ్చు. ప్రశాంతంగా కూర్చోవాలంటే మాత్రం గుడికే ఎక్కువ సమయం పెట్టుకోండి.

ఇక ప్రయాణం. ప్యారిస్‌లో మోంపర్నాస్ స్టేషన్ నుంచి లూర్దుకి నేరుగా వేగంగా వెళ్లే రైలుంది, సుమారు ఐదు గంటలు. కానీ విమానం దిగి సామాన్లతో ఊరంతా దాటి ఆ స్టేషన్‌కి చేరడం పెద్దవాళ్లతో కష్టం. నాన్న హైదరాబాద్ నుంచి, నేను అమెరికా నుంచి తులూజ్‌లో కలుసుకున్నాం, అక్కడి నుంచి రైల్లో రెండు గంటలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో వెళ్తే ఇదే మంచిది. ఇండియా పాస్‌పోర్టు ఉంటే షెంగెన్ వీసా కావాలి, మే నెలకి వెళ్లాలంటే పని జనవరిలోనే మొదలుపెట్టండి.

హోటల్ విషయంలో మాత్రం చాలా బాధపడ్డాం. పుణ్యక్షేత్రం గేటుకి దగ్గర అని రాసి ఉంటే తీసుకున్నాను. దగ్గరే, కానీ మధ్యలో నిటారైన ఎత్తు. లిఫ్టులో వీల్‌ఛైర్ పట్టదు, నాన్నని కుర్చీలోంచి దించి, కుర్చీ మడిచి, విడిగా పైకి తీసుకెళ్లాల్సొచ్చింది. ముందే ఫోన్ చేసి అడిగినా 'లిఫ్టు ఉంది' అన్నారంతే. అందుకే లిఫ్టు ఉందా అని కాదు, తలుపు వెడల్పు ఎంత అని అడగండి. భోజనం మూడు పూటలా హోటల్లోనే తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది కానీ అన్నం, పెరుగు ఆశించొద్దు. నాన్న ఆవకాయ సీసా తెచ్చుకున్నారు, అదే మమ్మల్ని కాపాడింది.

క్షేత్రం లోపల మాత్రం వీల్‌ఛైర్‌లో ఉన్నవాళ్లని చూసుకునే తీరుకి చేతులెత్తి దండం పెట్టాలి. నీలం రంగు గొడుగున్న మూడు చక్రాల బండ్లు ఉంటాయి, వాటిని మనుషులే లాగుతారు, మరియమాత కనిపించిందని చెప్పే గుహ దగ్గరా ఊరేగింపులోనూ ముందు చోటు వాళ్లదే. గుణదలలో కొబ్బరికాయలు, తలనీలాలు, మైకులు, జనం తోపులాట చూసి పెరిగిన నాకు మస్సాబియెల్ అనే ఆ గుహ దగ్గర అంత నిశ్శబ్దం కొత్తగా అనిపించింది. రెండు చోట్లా మరియమాత ఒక్కటే అని నాన్న అన్నారు గానీ, కొవ్వొత్తులు ఇక్కడ కొనొద్దు, గుణదలవే తెచ్చాను అని తన సంచీలోంచి తీశారు.

శనివారం రాత్రి తొమ్మిదింటికి కొవ్వొత్తుల ఊరేగింపు. ఒక్కో దేశం బ్యాండ్లు పగలంతా వీధుల్లో వాయించి, ఆ వేళకి ఆపేశాయి. మా పక్కన ఫ్రాన్స్ వాళ్లు, వెనక జర్మనీ వాళ్లు, అందరూ ఒకే జపమాల చెబుతున్నారు. మా కనెటికట్ గుడి నుంచి వచ్చిన ఆయన బండిని నలుపు బెరే టోపీ పెట్టుకున్న నైట్ ఒకాయన లాగుతున్నారు, వయసు డెబ్భైకి తక్కువుండదు. సాయం చేస్తానంటే ఇవ్వలేదు. 'నువ్వు మీ నాన్నని చూసుకో' అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం వారియర్స్ బృందం వాళ్లు తమ హోటల్ లాబీలో కాఫీకి పిలిచారు. అక్కడ ప్రసంగాలేం లేవు. ఒక్కో సైనికుడి పక్కన ఒక్కో మనిషి కుర్చీ లాక్కుని కూర్చుని, చెప్పింది వింటున్నారు, అంతే. వెస్ట్‌హేవెన్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో ఆదివారం రోగుల్ని పూజకి తీసుకెళ్లే పనికి నేనూ కొన్నిసార్లు వెళ్లాను. అక్కడ నేను చేసింది బండి తొయ్యడమే. బండి తోశాక పక్కన కూర్చోవాలని ఇక్కడే తెలిసింది. రాత్రి బండి లాగిన ఆ పెద్దాయన నాన్నని ఏ రెజిమెంటు, ఎక్కడ పనిచేశారు, చలి ఎలా ఉండేది అని అడిగారు. నాన్న తనకొచ్చిన హిందీ ఇంగ్లీషులో, నేను మధ్యలో సర్దుతూ, గంటన్నర చెప్పారు. నలభై ఏళ్లలో మా ఇంట్లో ఎవరికీ చెప్పని మంచు తుఫాను సంగతి, అందులో పోయిన తన స్నేహితుడి పేరు నాకు ఆ రోజే తెలిశాయి.

రూముకి వచ్చాక నాన్న ఒకటే మాట అన్నారు: 'మనకి పెన్షన్ ఇస్తున్నారు, క్యాంటీన్ కార్డుంది, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) ఉంది రా, అన్నీ ఉన్నాయి. ఇలా అడిగినవాళ్లే లేరు.' నాకు నోట మాట రాలేదు. నేనూ అడగలేదు కదా.

చివరి రోజు కుళాయిల దగ్గర లూర్దు నీళ్లు పట్టుకున్నాం. నీళ్లు ఉచితం, ఖాళీ సీసాలు బయట దుకాణాల్లో కొనుక్కోవాలి, చేతిసంచీలో పెడితే విమానాశ్రయంలో తీసేస్తారు కాబట్టి పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టండి. నాన్న మూడు సీసాలు పట్టారు. ఒకటి అమ్మకి, ఒకటి మా గుడి ఫాదర్‌గారికి. మూడోది ఎవరికి అంటే, తాడేపల్లిగూడెం దగ్గరుంటున్న, ఆ మంచులో పోయిన స్నేహితుడి భార్యకట. ఫోన్ నెంబరు తన దగ్గర లేదు, ఊరి పేరు మాత్రం గుర్తుంది. వచ్చే నెల సెలవు పెట్టి ఇండియా వెళ్తున్నాను, ఇద్దరం కలిసి ఆ ఊరు వెళ్లి వెతుకుతాం.