ఏడు రోడ్ల దగ్గరి ఇంగ్లీషు క్లాసు: కట్టింది 4,500, గిట్టింది రెండు సాయంత్రాలు

ఎర్రగుంట్లలో నాపరాయి పాలిష్ చేసే ఒక ఫ్యాక్టరీలో లెక్కలూ ఉత్తరాలూ నా పని. లెక్కలతో ఎన్నడూ ఇబ్బంది లేదు, పేచీ అంతా ఉత్తరాలతోనే. పోయిన వేసవిలో బెంగళూరు నుంచి ఒకాయన, కొలతలు ఇంకా తేలకముందే రెండు లారీల బండలు పంపమని పట్టుబట్టాడు. కుదరనే కుదరదని రాయమన్నారు మా ఓనరు. నేను ‘వుయ్ కెనాట్ సింప్లీ సెండ్’ అని రాశాను. మర్నాడే జవాబు వచ్చింది. ఊరికే పంపడం వీలు కాకపోతే ఇంకా ఏమేం కాగితాలు కావాలో చెప్పండి, సాయంత్రానికి అందజేస్తాను అని! ఓనరు ఆ ప్రింటు నా బల్ల మీద పెట్టి, ‘‘ఏం రాశావప్పా?’’ అన్నారు. ఏం రాశానో నాకూ తెలియలేదు.

అందుకే కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో, ఒక బట్టల దుకాణం పైన రెండో అంతస్తులో నడిచే ఇంగ్లీషు క్లాసులో చేరాను. పేరు రాయను. ఆ చుట్టుపక్కల ఇలాంటివి చాలా ఉన్నాయి, నా అనుభవం ఒక్క చోటిది. రెండు నెలలు, సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా. ఫీజు 4,500. పుస్తకాలకు అడ్వాన్సు 500, పుస్తకాలు వెనక్కిస్తే అది తిరిగి ఇస్తారట. మెట్ల దగ్గర బోర్డు మీద ‘30 రోజుల్లో గలగలా ఇంగ్లీషు’ అని రాసి ఉంటుంది. కోర్సేమో 60 రోజులు. ఇది నేను మొదటిరోజే అడగాల్సింది.

గదిలో కుర్చీలు 24, మనుషులు 31. ఆలస్యంగా వస్తే కిటికీ గట్టు మీద కూర్చోవాలి. నాలుగు ఫ్యాన్లలో రెండు తిరుగుతాయి. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, దుకాణం వాళ్లు ఎనిమిది దాటితే అరుస్తారు. మొదటి మూడు వారాలు ‘మిమ్మల్ని మీరు పరిచయం చేసుకోండి’తోనే గడిచాయి. నా గురించి ఆ గదిలో అందరికీ తెలిసిపోయింది. నాకు మాత్రం కొత్తగా ఏమీ తెలియలేదు.

నాలుగో వారం ఒక పెద్దాయన వచ్చారు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన సార్. చేతిలో పాత పెళ్లిపత్రికలు కత్తిరించిన అట్టముక్కలు. ఒక్కో ముక్క మీద ఒక్కో మాట: విల్, కెన్, మే, షుడ్ లాంటి మోడల్స్ (అసలు క్రియకు తోడుగా వచ్చే మాటలు) ఒక రంగు సిరాలో, ప్రాబబ్లీ, ఆల్వేస్, రియల్లీ, పాసిబ్లీ లాంటి యాడ్‌వెర్బులు (క్రియా విశేషణాలు) ఇంకో రంగులో. వెనక్కి తిప్పితే ఎవరిదో ముహూర్తం కనిపిస్తుంది. ‘‘మోడల్స్ అంటే అర్థాలు బట్టీ పట్టారు. యాడ్‌వెర్బులు బట్టీ పట్టారు. రెండింటినీ పక్కపక్కన కూర్చోబెడితే ఏమవుతుందో మీకెవరూ చెప్పి ఉండరు’’ అన్నారు. నిజమే, ఎవరూ చెప్పలేదు.

నా ఉత్తరం సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. నన్నే బల్ల దగ్గరికి పిలిచి ‘సింప్లీ’ ముక్కను ‘కెనాట్’కు ముందు పెట్టమన్నారు. పెట్టాను. ‘‘ఇప్పుడు పంపనే పంపలేం. కెనాట్ తర్వాత పెడితే ఊరికే పంపేయలేం, ఇంకేదో జరగాలి. మనం క్రియను రెండుసార్లు అని తెచ్చే గట్టిదనాన్ని వాళ్లు ముక్కను ఒక్క అంగుళం జరిపి తెస్తారు.’’ అట్టముక్క నా చేతిలోనే ఉంది. బెంగళూరు ఆయన తప్పు ఏమీ లేదని అప్పుడు తెలిసింది.

‘రియల్లీ’ కూడా ఇదే బాపతు. ‘కాంట్’కు ముందు వస్తే నిజంగానే చెప్పలేను, అడగొద్దు అని. తర్వాత వస్తే అంత కచ్చితంగా చెప్పలేను అని. మొదటిది తలుపు వేయడం, రెండోది ఓరగా తెరిచి ఉంచడం. ‘ప్రాబబ్లీ’ది మరో తిక్క. ‘విల్’తో అయితే దాని వెనక కూర్చుంటుంది, ‘వోంట్’తో అయితే ముందుకు వచ్చేస్తుంది. ఎందుకని అడిగితే, ఊహ మనది, కాదనడం ఆ ఊహ లోపలిది, అందుకే ఊహ బయట నిలబడుతుంది అన్నారు. ఇలాంటి కారణం చెప్పే సార్ నాకు బడిలో దొరికి ఉంటే నాపరాయి దగ్గరికి వచ్చేవాణ్ణి కానేమో.

రెండో సాయంత్రం ఇంకా బాగుంది. ‘పాసిబ్లీ’ ముక్క తీసి ‘మే’ పక్కన పెట్టారు: అనుమానం మీద అనుమానం. అదే ముక్కను ‘కాంట్’ పక్కన పెట్టారు: అసాధ్యం, ఎట్టి పరిస్థితిలోనూ కాదు. ‘కుడ్ యూ’ పక్కన పెట్టారు: దయచేసి కాస్త చేసిపెడతారా అనే మర్యాద. ఒకే మాట మూడిళ్లలో మూడు వేషాలు. ‘బహుశా రావచ్చు’ అని మనమూ రెండు చివర్లా సందేహం పెడతాం కదా, ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు అన్నారు. రెండు మాటలూ ఒకే దారిలో నడవాలి, అంతే. భాషాశాస్త్రంలో జాన్ లయన్స్ అనే ఆయన 1977లోనే ఈ పొందికకు ఒక పేరు పెట్టారట.

అప్పుడు నా రెండో ఉత్తరం బయటపడింది. లారీ రేపు ‘మే డెఫినెట్లీ రీచ్’ అని నేను వారానికోసారైనా రాస్తాను. సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ‘‘తప్పకుండా అని ఒక చేత్తో ఇచ్చి, చేరితే చేరవచ్చు అని రెండో చేత్తో లాక్కున్నావు నాయనా. కొనేవాడు గోడౌన్ తెరిచి పెట్టుకోవాలా వద్దా?’’ గదంతా నవ్వింది. నేనూ నవ్వాను, కానీ అలా రాసిన ఉత్తరాలు ఎన్ని ఉంటాయో లోపల లెక్క వేసుకుంటూనే ఉన్నాను.

చివర్లో ‘వెల్’. ‘మైట్ వెల్’ అంటే జరగడానికి బాగానే అవకాశం ఉంది. మధ్యలో ‘యాజ్’ దూరి ‘మైట్ యాజ్ వెల్’ అయితే, ఇంకేం చేస్తాం, పోతే పోలా అన్నట్టు. ‘మే వెల్ బీ డిలేడ్’ అని చెన్నై నుంచి వచ్చిన ఉత్తరాన్ని ‘బాగా ఆలస్యం అవుతుంది’ అని చదివి, మా ఓనరుతో ఒక ఆర్డరు మాన్పించిన ఘనత నాది. ఆ మాట సార్‌కు చెప్పలేదు.

కడపలో ఇంగ్లీషు ప్రసక్తి వస్తే బ్రౌన్ దొరను తలచుకోకుండా ఎవరూ ఊరుకోరు, ఈయనా ఊరుకోలేదు. 1820లో ఈ ఊరికి వచ్చి తెలుగు నేర్చుకుని, తర్వాత నిఘంటువులు కూర్చిన మనిషి ఆయన. నిఘంటువు మాటకు అర్థం చెబుతుంది గానీ అది ఎక్కడ కూర్చోవాలో మనుషులే చెప్పాలి అన్నారు సార్. వీలైతే ఎర్రముక్కపల్లిలోని బ్రౌన్ గ్రంథాలయానికి ఒకసారి వెళ్లి రమ్మన్నారు. వెళ్లాను. అక్కడి నిశ్శబ్దం ఆ రెండో అంతస్తులో ఉంటే ఇంకో 1,000 రూపాయలు ఎక్కువైనా కట్టేవాణ్ణి.

ఆ రెండు రోజుల తర్వాత ఆయనకు ఒంట్లో బాగోలేదని ఒక కుర్ర మాస్టారు వచ్చాడు. మోడల్ తర్వాతే యాడ్‌వెర్బ్, ఇది శిలాశాసనం అన్నాడు. ‘యూ రియల్లీ షుడ్’ తప్పని బోర్డు మీద ఎర్ర సుద్దతో కొట్టేశాడు. మాకు ఇచ్చిన పుస్తకంలోనూ అదే ఉంది, అచ్చుతప్పులతో సహా. పెద్దసార్ తిరిగి వచ్చాక అడిగాను. మోడల్‌కూ క్రియకూ మధ్యలో ఉండటం మామూలు అలవాటే గానీ నొక్కి చెప్పాల్సి వస్తే యాడ్‌వెర్బ్ ముందుకు వస్తుందట. వస్తావా అని ఎవరైనా అడిగితే ‘ఐ ప్రాబబ్లీ విల్’ అని ఆపేస్తాం కదా, అక్కడ ‘విల్’ వెనక కూర్చోవడానికి ఆ తర్వాత క్రియే లేదు అన్నారు. కుర్ర మాస్టారి ఎదుట ఇదంతా చెప్పలేదు, అతను వెళ్లాకే చెప్పారు. ఆ మర్యాద నాకు నచ్చింది.

తర్వాతి నెల గురించి రాయడానికి ఏమీ లేదు. వీడియోలు చూపించారు, ఒకరోజు కరెంటు పోయింది.

గలగలా మాట్లాడాలనుకునేవాళ్లు ఇక్కడికి రాకండి. నాలా ఉత్తరాలు, మెయిళ్లు రాసేవాళ్లయితే పెద్దసార్ ఏ వారం వస్తారో ముందే కనుక్కుని ఆ వారానికే డబ్బు కట్టగలరేమో అడిగి చూడండి. ఎడమవైపు రెండో వరసలో కూర్చుంటే ఫ్యాను గాలి తగులుతుంది, బోర్డూ కనిపిస్తుంది. క్లాసు అయ్యాక కింద సందులో ఎర్రకారం, పప్పుల పొడి వేసి కాల్చే దోసె దొరుకుతుంది. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

పుస్తకాలు తిరిగి ఇచ్చి మూడు వారాలైంది. అడ్వాన్సు గురించి రెండుసార్లు ఫోను చేస్తే మొన్న ఆఫీసు నుంచి ఇంగ్లీషులో మెసేజీ వచ్చింది, ఈ నెలాఖరుకు ‘మే డెఫినెట్లీ రిఫండ్’ అని. పెద్దసార్‌కు పంపాను. కళ్లజోడు తుడుచుకుని ఉంటారు. 500 ఇంకా రాలేదు.