అట్లాంటాలో అలసందల కూర

అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చి మూడు నెలలైంది. అమెరికాలో, షార్లెట్‌లోని మా ఇంటి చుట్టుపక్కల ఇండియన్ రెస్టారెంట్లన్నీ తిరిగేశాం. "ఈ దేశం వాళ్ల సొంత వంట అంటూ ఏదో ఒకటి ఉంటుంది కదే, అది తినిపించు" అన్నారు నాన్న. బర్గర్లు, పిజ్జాలు చూపించి ఇదే అని చెప్పబుద్ధి కాలేదు. అమెరికా దక్షిణాది నల్లజాతివాళ్ల ఇళ్లలో పుట్టిన సోల్ ఫుడ్ తినిపిద్దామని అట్లాంటాకు బయలుదేరాం. కారులో నాలుగు గంటల దారి.

బస సంగతి ముందే చెప్పేస్తాను. డౌన్‌టౌన్‌లో ఒక పెద్ద హోటల్లో రెండు రాత్రులున్నాం. గది శుభ్రంగానే ఉంది. కానీ కారు పెట్టుకోవడానికి రాత్రికి 50 డాలర్ల పైన అవుతుందని కౌంటర్ దగ్గరికి వెళ్లాకే తెలిసింది. టిఫిన్ కూడా విడిగా కొనుక్కోవాలి. మళ్లీ వెళ్తే ఊరి బయట పార్కింగ్ ఉచితంగా ఉండే చోట దిగి, పొద్దున్నే మార్టా అనే సిటీ రైలెక్కి వస్తాను. మేము వెళ్లినప్పుడు ఆ టికెట్టు 2.50 డాలర్లే.

మొదటి రాత్రి భోజనం బాగా కుదరలేదు. హోటల్‌కు దగ్గరని ఒక చిన్న కెఫెటీరియాకు వెళ్లాం. పేరు అనవసరం. అమ్మ కోడికూర తింటుంది గానీ పంది మాంసం ముట్టదు. ఆకుకూరలో అది లేదు కదా అని అడిగితే, వడ్డించే అతను చూడకుండానే లేదన్నాడు. నాలుగో ముద్దలో ముక్క తగిలింది. అమ్మ ఏమీ అనలేదు, ప్లేటు పక్కకు జరిపి మంచినీళ్లు తాగింది. నాకు మాత్రం ఆ రాత్రంతా మనసు బాగోలేదు.

అందుకే మనవాళ్లు ఎవరు వెళ్లినా ఒకటి గుర్తుంచుకోవాలి. సోల్ ఫుడ్‌లో కొలార్డ్ గ్రీన్స్ అనే ఆకుకూర, అలసందలు, చిక్కుళ్లు చూడటానికి శాకాహారమే. కానీ రుచి కోసం వాటిలో పొగబెట్టిన పంది కాలి ముక్క వేసి గంటలకొద్దీ ఉడికించడం పాత పద్ధతి. ఇప్పుడు చాలాచోట్ల దాని బదులు టర్కీ కోడి మాంసం వేస్తున్నారు. కొన్నిచోట్ల ఏ మాంసమూ వేయరు. కాబట్టి "వెజిటేరియనా?" అని అడిగి ఊరుకోకండి. "ఏ మాంసంతో ఉడికించారు?" అని అడగండి.

మర్నాడు పొద్దున ట్రామ్ లాంటి స్ట్రీట్‌కార్ ఎక్కి ఆబర్న్ ఎవెన్యూకి వెళ్లాం. మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఇల్లు, ఆయన బోధించిన ఎబెనేజర్ చర్చి, నీటి కొలను మధ్య ఆయన, ఆయన భార్య కొరెట్టా సమాధులు అన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి. ప్రవేశం ఉచితం. అక్కడ గాంధీగారి విగ్రహం చూసి నాన్న చాలాసేపు నిలబడిపోయారు. కింగ్ 1959లో మన దేశానికి వచ్చిన సంగతి ఆయనే నాకు చెప్పారు.

అక్కడి నుంచి మధ్యాహ్నం భోజనానికి పాస్కల్స్ అనే సోల్ ఫుడ్ హోటల్‌కి వెళ్లాం. రాబర్ట్, జేమ్స్ పాస్కల్ అనే అన్నదమ్ములు 1947లో దీన్ని మొదలుపెట్టారు. కొత్తలో హోటల్లో పొయ్యి కూడా లేదట. రాబర్ట్ ఇంట్లో వండి టాక్సీలో పంపేవాళ్లు. తర్వాత పౌరహక్కుల ఉద్యమం రోజుల్లో కింగ్, ఆయన సహచరులు కూర్చుని మాట్లాడుకునే చోటు ఇదే అయింది. నిరసనల్లో అరెస్టయిన పిల్లలు విడుదలై వస్తే, వాళ్లకూ వాళ్ల కోసం కాచుకుని ఉన్న తల్లిదండ్రులకూ ఇక్కడ ఉచితంగా అన్నం పెట్టేవారు. ఇప్పుడున్నది నార్త్‌సైడ్ డ్రైవ్‌లో తర్వాత కట్టిన భవనం. గోడల మీద ఆనాటి నాయకుల ఫోటోలున్నాయి. పొద్దున్నే కింగ్ సమాధి చూసి వచ్చాం కాబట్టి ఆ ఫోటోల కింద కూర్చుంటే నాకు గొంతు పట్టేసింది.

వడ్డించిన ఆవిడకు అరవై ఏళ్లుంటాయి. మా ముగ్గురినీ "బేబీ" అనే పిలిచింది. అమ్మ సంగతి చెప్పగానే మెనూ తీసుకుని ఒక్కో వంటకం మీద వేలు పెట్టి, ఇది తినొచ్చు, ఇది వద్దు అని చెప్పింది. అనుమానం వచ్చినదాని కోసం లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చింది. తెనాలిలో పాత మెస్సుల్లో కొసరి కొసరి వడ్డించే పెద్దావిడలు గుర్తొచ్చారు. ఆమెకు 20 శాతం టిప్పు ఇస్తుంటే, లెక్క దగ్గర గట్టిగా ఉండే నాన్న "ఇంకొంచెం ఇవ్వు" అన్నారు.

వేయించిన కోడి పైన కరకరలాడుతూ, లోపల రసంతో ఉంది. మన కారం ఉండదు, బల్ల మీది హాట్ సాస్ వేసుకోవాల్సిందే. పాకం పట్టిన చిలగడదుంప అమ్మకు బాగా నచ్చింది. మొక్కజొన్న రొట్టె కాస్త తియ్యగా, గుల్లగా ఉంటుంది. ఆకుకూర ఉడికిన నీళ్లను పాట్ లికర్ అంటారు, దాన్ని పారబోయకుండా ఈ రొట్టె అందులో ముంచుకుని తింటారు. మనం పప్పు కట్టుతో చారు పెట్టుకున్నట్టే. మాకరోనీ చీజ్ మాత్రం మాకు బరువైపోయింది. స్వీట్ టీ పాకంలా ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు చక్కెర లేని టీ అడగాలి. నాన్న అలాగే అడిగారు.

అలసందలు వచ్చాక అమ్మ చెంచా తీసుకుని చూసి, "ఇవి మనవే కదే!" అంది. అలసంద సాగు మొదలైందే ఆఫ్రికాలో. అక్కడి నుంచి మనకూ చేరింది, బానిసల ఓడలతో పాటు అమెరికాకూ చేరింది. బెండకాయ కూడా ఆ ఓడల దారిలోనే ఇక్కడికొచ్చింది. యజమానులు ఇచ్చే మొక్కజొన్న పిండి, వాళ్లు వద్దనుకున్న మాంసం ముక్కలు, తమ పెరట్లో తాము పెంచుకున్న ఆకులు, ఇవే ఆ బానిసల ఇళ్లలో ఉండేవి. వాటితోనే ఇంత రుచి సాధించారు. సోల్ ఫుడ్ అనే పేరు 1960లలో వాడుకలోకి వచ్చింది గానీ వంట అంతకంటే చాలా పాతది. అమ్మ అలసందల గిన్నె ఖాళీ చేసి, "అల్లం, పచ్చిమిర్చి పడితే ఇంకా బాగుండేది" అంది.

తిరుగు ప్రయాణం రోజు బిజీ బీ కెఫేలో కోడి పార్సిల్ కట్టించుకున్నాం. ఇదీ 1947 నాటిదే. లూసీ జాక్సన్ అనే ఆవిడ పెట్టారు. ఒకప్పుడు హంటర్ స్ట్రీట్ అనే ఆ వీధికి ఇప్పుడు కింగ్ పేరే ఉంది. రెస్టారెంట్లకు, వంటవాళ్లకు పురస్కారాలిచ్చే జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ వాళ్ల అమెరికాస్ క్లాసిక్స్ పురస్కారం 2022లో బిజీ బీకి వచ్చింది. చిన్న చోటు, హంగులేమీ లేవు. కోడి రుచి ఒక్కటే తూచితే నా ఓటు బిజీ బీకే, ఉప్పు ఎముక దాకా పట్టింది. పెద్దవాళ్లతో తీరిగ్గా కూర్చుని తినాలంటే, ఇందులో అది ఉందా ఇది ఉందా అని నాలుగు సందేహాలు అడగాలంటే పాస్కల్స్‌కే వెళ్లండి. పాస్కల్స్‌లో ఒకరి ప్లేటు ఇద్దరికి సరిపోతుంది. ముగ్గురం టిప్పుతో కలిపి 100 డాలర్ల లోపే తిన్నాం. రెండు చోట్లా ఆ రోజు వేళలు చూసుకుని బయలుదేరండి.

పీచ్ కాబ్లర్ అనే పీచ్ పండ్ల మిఠాయి కూడా ఒక డబ్బా తెచ్చుకున్నాం. అట్లాంటా ఉన్న జార్జియా రాష్ట్రం దాటకముందే అయిపోయింది. మూత మీద మిగిలిన పాకం కూడా నాన్న వదల్లేదు.