లక్సర్ పడమటి ఒడ్డున నాలుగు వారాలు

ఈజిప్టులోని లక్సర్‌లో నైలు నదికి తూర్పున ఊరు, పడమట సమాధులు. పెద్ద హోటళ్లు ఎక్కువగా తూర్పునే ఉంటాయి కాబట్టి నేనూ మొదట అక్కడే గది తీసుకున్నాను. నేను వెళ్లింది యూనివర్సిటీ బృందంతో, ఒక సమాధి తవ్వకంలో కుండపెంకుల పని చేయడానికి. తెల్లవారుజామున అయిదింటికి కారు పంపుతామన్న హోటల్‌వాళ్లు మొదటి రోజే పంపలేదు. చీకట్లో రేవుకు పరుగెత్తి పడవ ఎక్కేసరికి ఏడుపొక్కటే తక్కువ. మూడో రోజుకల్లా గది ఖాళీ చేసి, అవతలి ఒడ్డున గెజీరా గ్రామంలో చిన్న గెస్ట్‌హౌస్‌కు మారిపోయాను. లిఫ్టు లేదు, వేడినీళ్లు ఒక్కోసారి రావు. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. మేడెక్కితే చెరకు తోటలు, వాటి వెనక కొండ కనిపిస్తాయి. గేటు బయటే పనివాళ్లను ఎక్కించుకునే పికప్ బండి ఆగుతుంది. వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావడమనే టెన్షన్ లేదు.

పని ఆరింటికి మొదలు. జనవరిలో ఆ వేళకు స్వెట్టర్ లేకపోతే వణుకే. పదింటికల్లా అది నడుముకు చేరుతుంది. తవ్వకాన్ని నడిపే మేస్త్రీని అందరూ రయీస్ అంటారు. హైదరాబాదులో రయీస్ అంటే డబ్బున్నవాడు, ఇక్కడ పనికి పెద్ద. మా రయీస్‌ది కుఫ్త్. 1893-94లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ ఆ ఊళ్లో తవ్వుతూ స్థానికులకు పని నేర్పాడు. అప్పటి నుంచి అక్కడ చాలా ఇళ్లల్లో తాత నుంచి మనవడికి అదే వృత్తి. మట్టి రంగు కాస్త మారితే చాలు, మా కంటే ముందు ఆయన చెయ్యి లేచేది. పారలు ఆగిపోయేవి, తాపీలూ బ్రష్షులూ దిగేవి. ఆ కన్ను ఏ యూనివర్సిటీలోనూ రాదు.

తవ్విన మట్టి రబ్బరు గంపల్లో జల్లెడ దగ్గరికి వస్తుంది. నా చోటు అక్కడే. పెంకులు ఒక సంచిలో, ఎముకలు ఇంకోదాంట్లో, గుడ్డపేలికలు వేరే. ప్రతి సంచిలోనూ తేదీ, ఏ పొరలోదో రాసిన చీటీ. చీటీ పోతే ఆ పెంకు ఎందుకూ పనికిరాదు.

రెండో వారంలో ఒకరోజు జల్లెడలో పిడికిలంత గోధుమరంగు కాయ మిగిలింది. ఎండి తేలికైపోయింది, ఒక పక్క పీచు రేగి ఉంది. తాటిటెంకే అనుకున్నాను. పక్కనున్న కుర్రాడు చూసి "దోమ్" అన్నాడు. అది మన తాటికి బంధువైన చెట్టు. చనిపోయినవాళ్లకు తిండిగా ఆ కాయలు సమాధుల్లో పెట్టేవారు. మర్నాడు అతనే జేబులోంచి కొత్త దోమ్ కాయ తీసి నా చేతిలో పెట్టాడు. పైపెచ్చు కొరికితే పాత బెల్లం రుచి. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. బరువులో తప్ప నాకు పెద్ద తేడా కనిపించలేదు.

పదింటికి టిఫిన్. ఎండలో పులియబెట్టి కాల్చే ఐష్ షంసీ రొట్టె, పెద్ద చిక్కుడు గింజలు మెత్తగా ఉడికించిన ఫూల్, అవే గింజలు రుబ్బి వేసిన తామియా వడలు, చక్కెర దండిగా పోసిన టీ. శాకాహారులకు ఇబ్బంది లేదు. మొలోఖియా ఆకుకూర మాత్రం తరచుగా మాంసం రసంలో వండుతారు, అడిగి తినండి. ఒంటిగంటకు తవ్వకం ఆపేస్తారు. మధ్యాహ్నమంతా పెంకులు కడగడం, బొమ్మలు గీయడం. శుక్రవారం సెలవు.

చివరి వారం అక్క వచ్చింది. ఫరోల సమాధులున్న రాజుల లోయకు మామూలు టికెట్‌తో మూడు సమాధులు చూడొచ్చు. టూటన్‌ఖామున్, మొదటి సేతి సమాధులకు వేరే టికెట్లు. టూటన్‌ఖామున్ సమాధిలోకి దిగగానే అక్క "ఏమే, రాజుగారిది ఇంత చిన్నదా?" అంది. ఆయన మమ్మీ ఇంకా అక్కడే ఉందని చెప్పాక చాలాసేపు కదల్లేదు. ఒక్కదానికే డబ్బు పెట్టగలిగితే మాత్రం సేతి సమాధికే పెట్టండి. 1817లో ఇటలీ అన్వేషకుడు బెల్జోనీ కనుక్కున్న ఆ సమాధిలో చెక్కడం, రంగు కలిసి నడుస్తూనే ఉంటాయి. కౌంటర్లో మాకు కార్డు తప్ప నగదు తీసుకోలేదు. బక్షీసుకు మాత్రం చిల్లర నోట్లు కావాలి.

రాజుల దగ్గర పనిచేసిన ఉద్యోగుల సమాధులకు జనం తక్కువ, నాకు ఇష్టం ఎక్కువ. రెఖ్మిరే అనే మంత్రి సమాధి గోడ మీద మట్టి కలిపి ఇటుకలు పోసేవాళ్లను చూసి అక్క, "వీళ్లు మీ పనివాళ్లే కదా" అంది. ప్యాకేజీ బస్సు ఎక్కితే ఇవి దాదాపు చూపించరు. గ్రామంలో రోజు లెక్కన డ్రైవరును మాట్లాడుకోండి.

దెయిర్ ఎల్ మెదీనా కూడా వదలొద్దు. రాజుల సమాధులు తొలిచిన పనివాళ్ల ఊరది, ఇళ్ల పునాదులు వరసగా మిగిలాయి. ఫరో మూడో రామ్సెస్ 29వ పాలనా ఏడాదిలో కూలీగా రావాల్సిన ధాన్యం ఆలస్యమైతే, వాళ్లు పని ఆపి గుడుల దగ్గర బైఠాయించారు. అక్కడి నుంచి కొండ మీదుగా రాజుల లోయకు వాళ్లు నడిచిన కాలిబాట ఇప్పటికీ ఉంది. మోకాలు నొప్పి ఉన్నా అక్క నాతో ఆ దారి నడిచింది. పైనుంచి ఒక పక్క లోయ, ఇంకో పక్క పచ్చటి పొలాలు, దూరంగా నైలు. దారిలో ఎక్కడా నీడ లేదు, మనిషికో పెద్ద నీళ్ల సీసా పట్టుకెళ్లండి.