చవక మల్టీమీటరు తేడా చూపుతోందా? స్క్రూ తిప్పడం, ల్యాబ్‌కు పంపడం, కొత్తది కొనడం: ఏది మేలు?

"నా పసుపు మీటరు ఈమధ్య ఎక్కువ చూపుతోంది, లోపలి స్క్రూ తిప్పి సరిచేసుకోవచ్చా?" అని అడిగేవాళ్ళు తరచూ ఎదురవుతున్నారు. పోయిన నెల ఆ ప్రశ్న నాకే వచ్చింది. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీని ఒక మీటరు 12.74 అంది, ఇంకొకటి 12.41 అంది. మొదటిది నిజమైతే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, రెండోది నిజమైతే సుమారు పావువంతు ఖాళీ అయినట్టు. రెండింటిలో దేన్ని నమ్మాలి?

స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చి, ఎక్కువ చూపే మీటరులో ముందుగా 9 వోల్టుల బ్యాటరీ మార్చాను. రీడింగు 12.46కు దిగింది. ఈ రకం మీటర్లలో కొలిచే పని చేసే 7106 చిప్పు, దానికి వచ్చే సరఫరా దాదాపు 7 వోల్టుల కంటే పడిపోతే తన లోపలి రిఫరెన్సును, అంటే ప్రతి కొలతనూ పోల్చుకునే స్థిర వోల్టేజీని, నిలబెట్టుకోలేదు. రిఫరెన్సు తగ్గితే రీడింగు పెరుగుతుంది. చాలామంది 'డ్రిఫ్టు' (కాలం గడిచేకొద్దీ రీడింగు జరిగిపోవడం) అని పిలిచేది అసలు డ్రిఫ్టే కాదు, నీరసించిన బ్యాటరీ. ఆ స్థితిలో స్క్రూ తిప్పితే కొత్త బ్యాటరీ వేసిన రోజు మీటరు తక్కువ చూపడం మొదలుపెడుతుంది.

ఇంకో పరీక్ష ఉంది. ఈ మీటర్లు ఓమ్స్‌ను (రెసిస్టెన్సును) లోపలి రెసిస్టరుతో పోల్చి, నిష్పత్తిగా కొలుస్తాయి. స్క్రూ సరిచేసేది రిఫరెన్సును, దానికి ఓమ్స్‌తో సంబంధం లేదు. విలువలో ఒక శాతానికి మించి తేడా లేని రెసిస్టరును సరిగ్గా చూపుతూ వోల్టులు మాత్రమే తప్పితే అనుమానించాల్సింది బ్యాటరీనో, రిఫరెన్సునో. రెండూ తప్పితే, లేదా నాబ్ కొంచెం కదిపినప్పుడల్లా అంకె మారితే, నాబ్ కింది కాంటాక్టులు మురికిపట్టాయని అర్థం. దానికి స్క్రూ మందు కాదు.

బ్యాటరీ కొత్తది, కాంటాక్టులు శుభ్రం, అయినా తేడా ఉంది అనుకుందాం. స్క్రూ తిప్పడం కష్టమేమీ కాదు. ప్రోబులు తీసేసి వెనక మూత విప్పితే బోర్డు మీద ఆ స్క్రూ పక్కన చాలావాటిలో విఆర్1 అని రాసి ఉంటుంది. కానీ దేనితో పోల్చి తిప్పుతారు? ఫోను చార్జరు 5 వోల్టులు ఇస్తుందని దానికి సరిచేసినవాళ్ళను చూశాను. యూఎస్‌బీలో 4.75 నుంచి 5.25 దాకా ఏదైనా సరైనదే, అంటే అటూ ఇటూ 5 శాతం. పక్కింటివారి చవక మీటరుతో పోల్చడమూ అంతే.

అలా పోల్చుకోవడానికే ఏడీ584 రిఫరెన్సు మాడ్యూలు అనే, తెలిసిన వోల్టేజీని నిలకడగా ఇచ్చే చిన్న బోర్డు ఉంది. 2.5, 5, 7.5, 10 వోల్టులు ఇస్తుంది. జె గ్రేడు 10 వోల్టుల దగ్గర 30 మిల్లీవోల్టులు, కె గ్రేడు 10 మిల్లీవోల్టులు అటూ ఇటూ ఉండవచ్చు. మీటరు మాన్యువల్లో ఉండే హామీ సాధారణంగా 0.5 శాతం, దానిపై చివరి అంకెలో రెండు. కాబట్టి కె గ్రేడైతేనే పోలికకు అర్థం ఉంటుంది. 2.5 దగ్గర కాకుండా 10 దగ్గర చూడండి. 20 వోల్టుల రేంజిలో చివరి అంకె 10 మిల్లీవోల్టులు. 2.50 మీద అది 0.4 శాతం, 10.00 మీద 0.1 శాతమే. 10 వోల్టులు రావాలంటే మాడ్యూలుకు ఇచ్చే సరఫరా కనీసం 12.5 ఉండాలి. కొన్ని నిమిషాలు ఆన్‌లో ఉంచాకే చదవండి.

ఇంత చెప్పినా నేను స్క్రూ తిప్పలేదు. నా లెక్కలో తేల్చే విషయం మీటరు ఎంత తప్పు చూపుతోందన్నది కాదు, ఆ తప్పు నిలకడగా ఉందా లేదా అన్నది. ఎప్పుడు చూసినా 10 వోల్టులకు 10.04 చూపే మీటరు మంచి మీటరే, మనసులో 0.4 శాతం తీసేస్తే చాలు. ఈ నెల 10.04, వచ్చే నెల 9.97 చూపేదాన్ని ఎన్నిసార్లు తిప్పినా లాభం లేదు. ఆ స్క్రూ కింద ఉండేది చవక కార్బన్ ట్రిమ్మరు (తిప్పితే విలువ మారే రెసిస్టరు), కదిపితే అది మరింత వదులవుతుంది. పైగా మాన్యువళ్ళు ఇచ్చే హామీ 23 డిగ్రీలకు ఐదు అటూ ఇటూ. మన మే నెల మధ్యాహ్నం ఆ లెక్కలోకి రాదు. కాబట్టి మూడు నెలలు, నెలకోసారి ఒకే వేళకు చూసి రాసుకోండి. తేడా మాన్యువల్ హామీని దాటి, నిలకడగా ఉంటేనే ఒక్కసారి తిప్పి, కదలకుండా గోళ్ళ రంగు చుక్క వేసి వదిలేయండి.

ల్యాబ్ సంగతి. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో క్యాలిబ్రేషన్ అంటే పోల్చి, తేడాను కాగితం మీద రాసివ్వడం. సరిచేయడం వేరే పని. ఆడిట్లు ఉండే వర్క్‌షాపుకు ఆ కాగితం కావాలి. రెండు మూడు వందల రూపాయల మీటరుకు అది దండగ, ఆ ఫీజుతో కొత్తవి కొనుక్కోవచ్చు.

కొత్తది కొనడమా? అదీ అదే 0.5 శాతంతో వస్తుంది. 230 వోల్టుల మీద పనిచేసేవాళ్ళు మాత్రం కొనాలి, ఖచ్చితత్వం కోసం కాదు: ఈ చవకవాటిలో 10 ఆంపియర్ల సాకెట్‌కు ఫ్యూజు ఉండదు, పక్కనే ఆ మాట అచ్చువేసి ఉంటుంది. రేంజిని తామే ఎంచుకునే ఆటోరేంజి మీటర్లలో చాలావాటికి సవరణ మెమరీ చిప్పులో ఉంటుంది, తిప్పడానికి స్క్రూయే లేదు. వాటి జోలికి నేను పోను.

ఇన్వర్టర్ బ్యాటరీ 12.4 దగ్గరే ఉందని తేలింది. రాత్రంతా చార్జింగుకు పెట్టాను. పసుపు మీటరు వెనక '10 → 10.04' అని చీటీ అంటించి, పక్కన తేదీ రాశాను.